మాట్లాడని డాక్టరమ్మ

మా వైపు ఆడవాళ్ళు స్కానింగ్ డాక్టర్లకు మార్కులు వేస్తారు. మెషీన్ కొత్తదా పాతదా, ఏసీ పనిచేస్తుందా లేదా, మెట్లు ఎక్కాలా లిఫ్ట్ ఉందా, ఇవన్నీ తర్వాతి సంగతులు. ముందు అడిగేది ఒకటే: "డాక్టర్ మంచిగ మాట్లాడుతదా?" మాట్లాడుతుందని తెలిస్తే చాలు, ఎంత దూరమైనా ఆటో మాట్లాడుకుని పోతారు. బిడ్డ చెయ్యి ఊపిందమ్మా, ఆవలించిందమ్మా అని చెప్పే డాక్టర్ దగ్గర హాలు పొద్దున్నుంచి నిండే ఉంటుంది.

నేను మాత్రం మాట్లాడని డాక్టర్ కోసం వెతికాను. విన్నవాళ్ళంతా నాకేదో అయిందనుకున్నారు. మా అత్తమ్మ అయితే దాచుకోకుండా అనేసింది: "నీకన్నీ ఉల్టానే కావాలె. మనిషన్నాక మంచీ చెడ్డా మాట్లాడకపోతె ఎట్ల?" నేను జవాబు చెప్పలేదు. జవాబు చెప్పాలంటే మొదటిసారి సంగతి ఎత్తాలి. మా ఇంట్లో అది ఎవరూ ఎత్తరు.

మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు అందరూ మెచ్చుకునే డాక్టర్ దగ్గరికే వెళ్ళాను. నిజంగానే మంచి మనిషి. చల్లటి జెల్ పూసేటప్పుడు కూడా "జర సల్లగుంటది, భయపడకు" అని చెప్పి మరీ పూసేది. ఐదో నెల స్కాన్ రోజు ఆమె మాంచి హుషారుగా ఉంది. నా బిడ్డ మొహానికి చేతులడ్డం పెట్టుకుందట, దానికి సిగ్గు ఎక్కువట, ఇంత సిగ్గు తల్లిదా తండ్రిదా అని నన్ను ఆట పట్టించింది. నేను పగలబడి నవ్వాను. "ఇదిగో ఇది వెన్నుపూస. ఇది కడుపు. ఇగ ఇక్కడ గుండె..." అంది. అక్కడ ఆగిపోయింది.

ఆ వాక్యం పూర్తి కాలేదు. కీబోర్డు మీటల చప్పుడు, ఏసీ చప్పుడు, అంతే. నేను కాసేపు ఎదురుచూశాను, ఇంకేదో జోకు వేస్తుందని. ఆమె మొహం తెరకు దగ్గరగా పెట్టి చూస్తూ ఉండిపోయింది. నాతో ఇంకొక్క మాట మాట్లాడలేదు. చివరికి నా భుజం మీద చెయ్యి వేసి, "మీ డాక్టరమ్మను కలువు, ఆమె చెప్తది" అంది. నాకు అప్పటికే అర్థమైపోయింది. ఆ తర్వాత పెద్దాసుపత్రిలో పెద్ద మెషీన్ మీద చూసినవాళ్ళు చెప్పింది కూడా అదే. గుండె ఒకవైపే ఎదిగింది. ఆ బిడ్డ మాకు దక్కలేదు. అంతకంటే వివరంగా రాయడం నా వల్ల కాదు, రాయను.

ఏడాది తర్వాత మళ్ళీ నెల తప్పింది. అప్పుడు నేను వేసుకున్న లెక్క ఇది. నేను బడిలో లెక్కలే చెప్తాను కాబట్టి నాకు అన్నీ లెక్కల్లాగే తోస్తాయి. మాట్లాడే మనిషి ఆగిపోతే గుండె జారిపోతుంది. అసలు నోరే విప్పని మనిషైతే ఆగిపోయేది ఏముంటుంది? అంత అమాయకపు లెక్క మా ఆరో తరగతి పిల్లలు కూడా వేయరు. కానీ నాకు దాన్ని పట్టుకుని వేలాడటం తప్ప వేరే దారి లేకపోయింది.

అలా దొరికింది ఈ డాక్టరమ్మ. మాదన్నపేట మార్కెట్ వెనక సందులో, కింద ఇనుప సామాన్ల దుకాణం, పైన ఈమె సెంటర్. మా బడిలో ఆయాను అడిగితే "ఆమెనా? అమ్మో, రాయి. మూతి ముడుసుకుని కూసుంటది" అంది. పక్కింటావిడ "పైసలిచ్చి తిట్లు తిన్నట్టుంటది" అంది. ఆ మాటలు విని మరుసటి రోజే వెళ్ళాను. మొదటి స్కాన్‌లో ఆమె నాతో అన్నవి: పండుకో, జరుగు, లే. నా ప్రాణం ఎంత తేలికపడిందో చెప్పలేను. బయటికి వచ్చి "ఈమె బాగుంది" అంటే మా ఆయన నా మొహం వంక అదో రకంగా చూసి బండి తీశాడు.

మా ఆయన గురించి ఒక మాట చెప్పాలి. గుడిమల్కాపూర్ పూల మండీలో వాళ్ళ నాన్నప్పటి నుంచి కమిషన్ వ్యాపారం. తెల్లారకముందే లేస్తాడు. పదింటికల్లా ఆయన రోజు సగం అయిపోతుంది. అందుకని ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్రపోతాడు. పెళ్ళిళ్ళలో, బ్యాంకులో, మంగలి కుర్చీలో. ఆసుపత్రి బెంచీల మీద మాత్రం నిద్రపోడు. అది నేను గమనించాను గానీ ఎప్పుడూ అడగలేదు. స్కానింగ్ గదిలోకి మగవాళ్ళను రానివ్వరు. గోడ మీద ఆడా మగా చెప్పబడదని పెద్ద బోర్డు, తెర మొహం డాక్టర్ వైపు, తలుపు బయట బెంచీ మీద మొగుళ్ళు. అన్ని చోట్లా ఇంతే.

ఐదో నెల వచ్చింది. నన్ను చూసే డాక్టరమ్మ చీటీ మీద గుండె ప్రత్యేకంగా చూడాలని రాసిచ్చింది. అంతకుముందు వారం నుంచే నాకు ముద్ద దిగలేదు. బడిలో పిల్లలు ఏమడిగినా కసురుకున్నాను. బిడ్డ ఎవరి పోలిక, ఎప్పుడు పుడుతుంది, ఏం పేరు పెట్టాలి, ఇవేవీ నా బుర్రలో లేవు. దానికి గుండె సరిగ్గా ఉందా లేదా, నాకు తెలియాల్సింది ఆ ఒక్కటే.

పొద్దున్నే వెళ్ళాం. హాల్లో అప్పటికే జనం. ఆ హాల్లో ఆడవాళ్ళందరూ కళ్ళతోనే రిపోర్టులు చదివేస్తారు. లోపలికి పోయినామె తొందరగా బయటికి వస్తే అంతా బాగున్నట్టు, ఆలస్యమైతే బాలేనట్టు, కొంగుతో మొహం తుడుచుకుంటూ వస్తే ఇంకేం అడగనక్కర్లేనట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా నేనూ తలుపు వంకే చూస్తూ కూర్చున్నాను.

నా వంతు వచ్చింది. డాక్టరమ్మ నా వంక చూడనైనా చూడలేదు. పండుకో అంది. జెల్ పూసింది. నేను పైకప్పు మీద చెమ్మ మరకను చూస్తూ పడుకున్నాను. ఎప్పటిలాగే గదిలో మాటల్లేవు, నాకు అది అలవాటే, పర్లేదనుకున్నాను. కానీ ఆమె పొట్ట మీద ఒకే చోట గట్టిగా నొక్కుతోంది. ఇటు నుంచి, అటు నుంచి, పక్క నుంచి. చాలాసేపు అలాగే చేసి చెయ్యి తీసేసింది.

"బోర్ల పండింది. వీపు ఇటున్నది. గుండె కనబడ్తలేదు. పోయి తియ్యటిదేమన్న తిను. నడువు. మళ్ళ రా."

"కనబడ్తలేదు అంటే... ఇంకేమన్నానా మేడం?"

"కనబడ్తలేదంటె కనబడ్తలేదనే. నెక్స్ట్."

బయటికి వచ్చాను. మా ఆయన లేచి నిలబడ్డాడు. "తిరిగి రమ్మంది, బిడ్డ బోర్లా పడుకుందట" అన్నాను. ఆయన తల ఊపి, నా చేతిలో సంచి తీసుకుని, మెట్ల వైపు నడిచాడు. ఏమీ అడగకపోవడం ఆయన పద్ధతి. ఆ రోజు ఆ పద్ధతి మీద కూడా నాకు కోపం వచ్చింది.

మెట్ల దగ్గర ఒక బుర్ఖా అమ్మాయి కలిసింది. నాకంటే చిన్నది. బార్కస్ నుంచి వచ్చిందట. వెనక లుంగీ కట్టుకుని వాళ్ళాయన, బడిపిల్లల వ్యాను నడుపుతాడట. "అక్కా, నిన్ను గూడ తిరగమన్నదా? మాది గూడ ఉల్టా పండిందంట. తల కొలుస్తందుకు దొరుకుతలేదంట" అని ఆమే మాట కలిపింది. తల కొలతే గదా అనుకున్నాను మనసులో. బయటికి అనలేదు.

అలా నలుగురం మార్కెట్లో పడ్డాం. ముందు మేమిద్దరం కడుపులు పట్టుకుని, వెనక మగవాళ్ళిద్దరూ మా సంచులు పట్టుకుని. టమాటా బండ్ల మధ్య, ఆకుకూర కట్టల మధ్య, ఆటోల హారన్ల మధ్య నడవడమే మాకు మందు. చెరుకు రసం తాగాం. ఆమె ఫలూదా తిందామంది, తిన్నాం. కడుపులో తీపి పడితే బిడ్డ కదులుతుందని వెయిటింగ్ హాల్లో అందరూ చెప్పారు. నా కడుపులో తీపి పడితే వాంతి వస్తుందని ఎవరూ చెప్పలేదు. కొత్తిమీర అమ్మే ముసలామె మా ఇద్దరినీ చూసి నవ్వి, "ఆ డాక్టర్ పంపిందా? రోజు ఇద్దరు ముగ్గురు గిట్లనే తిరుగుతరు" అంది. ఆమెకు మేం రోజూ చూసే తమాషా.

వెనక మా ఆయన, ఆ వ్యాను భాయ్ ఏదో మాట్లాడుకుంటున్నారు. చెవి పెట్టి విన్నాను. డీజిల్, బంతిపూలు, ట్రాఫిక్ పోలీసులు. మగవాళ్ళకు ఇలాంటప్పుడు కూడా ఈ మాటలెలా వస్తాయా అని తిట్టుకున్నాను.

రెండోసారి పడుకున్నాను. ఈసారి బిడ్డ పక్కకు తిరిగిందట, కానీ చెయ్యి ఛాతీకి అడ్డం పెట్టుకుందట. "మళ్ళ రా." బార్కస్ అమ్మాయిని కూడా అలాగే పంపింది. మళ్ళీ నడక. ఎండ ఎక్కువైంది. నా చెప్పుల్లో పాదాలు పట్టడం లేదు. ఒక దుకాణం అరుగు మీద కూర్చుంటే షాపాయన పాపం స్టూల్ ఇచ్చాడు, ఫ్యాను మా వైపు తిప్పాడు. మా ఆయన నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు. నేను తాగలేదు. ఆయన మూత పెట్టేశాడు.

"ఇంటికి పోదామా? రేపొద్దాం" అన్నాడు చివరికి.

"రేపు దాక ఎట్లుండాలె?" అని అరిచాను. దుకాణం ముందు బేరమాడుతున్న వాళ్ళు తలతిప్పి చూశారు.  నిజంగా నాకు ఇంకో రాత్రి గడపడం సాధ్యం కాదు. ఆ రాత్రి గడవదు, నేను గడపలేను, అంతే.

మేం తిరిగి వెళ్ళేసరికి డాక్టరమ్మ అన్నానికి పోయింది. హాలు ఖాళీ అయింది, మళ్ళీ నిండింది. పొద్దున మాతో ఉన్నవాళ్ళంతా రిపోర్టులు తీసుకుని ఇళ్ళకు పోయారు, కొత్త మొహాలు వచ్చాయి. మేమిద్దరమే మిగిలాం, ఫెయిలైన పిల్లల్లాగా. ముందు బార్కస్ అమ్మాయిని పిలిచారు. లోపలికి పోయింది, అంతలోనే వచ్చేసింది. నవ్వుతోంది. "అయిపోయింది అక్కా! తల దొరికింది! షుకర్ హై!" అంటూ నా చేతులు పట్టుకుంది.

నాకు కడుపు మండింది. ఆ పిల్ల మంచిదే, పొద్దున్నుంచి నాతో కలిసి తిరిగింది, తన ఫలూదాలో సగం నాకు పెట్టింది. అయినా మండింది. నవ్వాలని చూశాను, నవ్వు రాలేదు. వెంటనే నన్ను పిలిచారు. పోయి పడుకున్నాను. బిడ్డ మళ్ళీ బోర్లా తిరిగింది. డాక్టరమ్మ నిట్టూర్చింది. "ఇంకొక్కసారి తిరిగి రా. గట్ల గూడ కాకపోతె వారం తర్వాత చూద్దాం."

వారం. ఆ మాట విని నేను గోడ పట్టుకుని బయటికి వచ్చాను. ఆ అమ్మాయి ఇంకా పోలేదు. వాళ్ళాయన గడియారం చూసుకుంటున్నాడు, బళ్ళు వదిలే టైమవుతోంది. ఆమె ఆయనతో ఉర్దూలో గబగబా ఏదో చెప్పి, బుర్ఖా సర్దుకుని నా పక్కన చేరింది. "నడువు అక్కా. నాది అయిపోయింది గని నీతోని ఇంకొక చక్కర్ కొడ్త. నువ్వొక్కదానివి నడుస్తె ఫికర్ ఎక్కువైతది." నేను వద్దనే ఓపిక కూడా లేక నడిచాను. మార్కెట్ ఆ చివరిదాకా పోయి వచ్చాం. ఆమె ఏమేమో చెబుతూనే ఉంది, వాళ్ళ వదిన గురించి, ఇంటి ముందు నీళ్ళ లొల్లి గురించి. నేను ఒక్క ముక్క వినలేదు. అయినా ఆమె వెళ్ళిపోయాక బిక్కుబిక్కుమంది.

వంతు కోసం మళ్ళీ కూర్చుని, చివరిసారి లోపలికి పోయేసరికి సందులో లైట్లు వేశారు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంటోంది. ఆమె చెప్పకముందే పడుకున్నాను. జెల్ పూసింది. నేను చెమ్మ మరకను వెతుక్కున్నాను. కాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి ఆమె అడిగింది:

"ఏం పని జేస్తవ్?"

 ఇన్ని నెలల్లో ఆమె నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. జవాబు చెప్పేలోపే ఇంకోటి అడిగింది. "కాళ్ళు గింతగనం ఎప్పట్నుంచి ఉబ్బుతున్నయ్?" గొంతులో మెత్తదనం కూడా ఉంది. నాకు లెక్క తేలిపోయింది. ఆమె చూసేసింది. చూసింది కాబట్టే మెత్తగా మాట్లాడుతోంది. మెల్లమెల్లగా చెప్పబోతోంది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను, మెషీన్ పట్టుకున్న చేతినే.

"మాట్లాడకండి మేడం. మీకు దండం పెడ్త. మాట్లాడకండి."

ఆమె మొదటిసారి నా మొహంలోకి చూసింది. నాకు ఆపుకోవడం చేతకాలేదు. పడుకునే, పొట్ట మీద జెల్‌తోనే, మొదటిసారి జరిగిందంతా చెప్పేశాను. ఆ సిగ్గు జోకు, వెన్నుపూస, సగంలో ఆగిన వాక్యం, అన్నీ. మీరు మాట్లాడరని విని ఇక్కడికి వచ్చానని కూడా చెప్పాను. ముక్కు కారుతోంది. టిష్యూ ఆమే తీసి ఇచ్చింది.

"నేను ఒట్టిగనే అడిగిన" అంది. "పొద్దుగాల్నుంచి తిరుగుతున్నవ్ గదా అని అడిగిన. ఇంకా నేను ఏం చూడలే. నీ బిడ్డ గిప్పుడే తిరుగుతున్నది."

నేను నమ్మలేదు. ఆమెకు అది తెలిసింది. కళ్ళజోడు సర్దుకుంది.

"సరే. నేను మాట్లాడ. నువ్వు మాట్లాడు. గది సప్పుడు లేకుంట ఉండొద్దు, గంతే గదా? నువ్వు మాట్లాడుకుంట ఉండు, నేను చూసుకుంట ఉంట. నవ్వకు మాత్రం, పొట్ట కదుల్తది."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. నాకేం ఎరుక. మీ ఆయన ఏం జేస్తడు?"

నేను మొదలుపెట్టాను. పూల మండీ అన్నాను. తెల్లారకముందే లారీలు వస్తాయన్నాను. పొద్దెక్కేకొద్దీ ధర పడిపోతుందని, మిగిలినవి ఇంటికి తెస్తాడని, మా ఇంట్లో దేవుళ్ళ కంటే పూలు ఎక్కువని, మా అత్తమ్మ వాటితో తల పట్టుకుంటుందని చెప్పాను. నా గొంతు నాకే ఎవరిదో లాగా వినబడుతోంది. ఆమె చెయ్యి నా పొట్ట మీద మెల్లగా కదులుతోంది. చెప్పేవి అయిపోయాయి. భయం వేసి బర్రె కథ ఎత్తుకున్నాను.

ఒకసారి లగ్గాల సీజన్లో ఒక పెళ్ళివాళ్ళు మండపానికి లిల్లీలు చెప్పారు. తెల్లటి కుప్ప, నడుమెత్తు. అందరూ బేరాల్లో ఉండగా వెనక గేటు నుంచి ఒక బర్రె లోపలికి వచ్చి ఆ కుప్పలో మూతి పెట్టింది. దాన్ని చూసింది ముందు మా ఆయనే. కానీ నిద్రమత్తులో ఎవరో నల్ల షాలు కప్పుకున్న గిరాకీ అనుకుని, "జర ఆగన్నా, తూకమేసి ఇస్తరు" అన్నాడట.

డాక్టరమ్మ ముక్కులోంచి ఒక చిన్న చప్పుడు వచ్చింది. నేను ఆపలేదు. బర్రె లిల్లీలు అయిపోగొట్టి గులాబీల మీదికి పోయింది, అప్పుడు గానీ మండీ అంతా లేవలేదు. కర్రలు, కేకలు. ఇంతలో బర్రె మనిషి పరుగెత్తుకొచ్చి తిరగబడ్డాడు. మీ మందుకొట్టిన పూలు తిని నా బర్రెకు ఏమన్నా అయితే ఎవడు జిమ్మేదారి అని.

"ఉన్నయమ్మా" అంది డాక్టరమ్మ. "నాలుగు గదులున్నయ్."

నేను విన్నాను. అర్థమైంది కూడా. అయినా ఆపలేకపోయాను. ఆపితే ఆ వెనకాల ఇంకేదో వస్తుందని భయం. బర్రె మనిషికీ మా ఆయనకీ జరిగిన వాదన చెప్పాను. మండీ పెద్ద, ముకద్దమ్ వచ్చి ఇద్దరికీ చాయ్ తాగించాడని చెప్పాను.

"గోడలు మంచిగున్నయ్. నెత్తురు పోయే తొవ్వలు గూడ మంచిగున్నయ్. రెండు దిక్కుల ఎదిగింది."

బర్రెను తాడు కట్టి గేటు అవతలికి తీసుకుపోయారని చెప్పాను. అది పోతూ పోతూ గుమ్మంలో చామంతి గంప ఒకటి నోట కరుచుకుపోయిందని చెప్పాను. అక్కడితో కథ అయిపోయింది. నా దగ్గర ఇంక మాటల్లేవు. డాక్టరమ్మ మెషీన్ పక్కన పెట్టేసి, చేతులు కట్టుకుని, నా వంక చూస్తూ కూర్చుంది. బయట తన వంతు కోసం ఎవరో తలుపు కొడుతున్నారు.

"మరి పెండ్లోల్లు ఏం జేసిండ్రు?" అని అడిగింది.

"బంతిపూలతోనే ఎల్లదీసిండ్రు మేడం" అన్నాను. అని, మొహం మీద చేతులు కప్పుకుని ఏడ్చాను. ఆమె ఊరుకోమనలేదు. ఆయాను పిలవకుండా జెల్ తనే తుడిచింది. ఇంకేం మాట్లాడలేదు. నేను లేచి చీర సర్దుకుంటుంటే పాతగొంతుతోనే "నెక్స్ట్" అని కేకేసింది.

తలుపు తీస్తే ఎదురుగా మా ఆయన. బెంచీ మీద కూర్చుని లేడు. తలుపుకు ఆనుకునేలా నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎందుకాపినవ్?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"నీ గొంతు ఇనబడుతుండె. బర్రె ముచ్చట చెప్తున్నవ్. అది ఇనబడ్డంతసేపు కూసున్న. ఆగింది. ఎందుకాగింది?" ఆయన చెయ్యి ఇంకా తలుపు చట్రం మీదే ఉంది. "పోయినసారి గూడ నీ నవ్వు ఇనబడ్డది. గట్లనే ఆగిపోయింది. ఇగ నువ్వు బయటికొచ్చేదాక..."

పోయినసారి తలుపు అవతల ఆయనకు ఏం వినబడిందో నేను ఎన్నడూ అడగలేదు. ఆ రోజు ఆ గదిలో నేనొక్కదాన్నే ఉన్నానని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను. చెప్పాలని నోరు తెరిచాను. ఇందాకటి దాకా ఆపడం చేతకాని గొంతు ఇప్పుడు పెగల్లేదు. చెయ్యి ఎత్తి నాలుగు వేళ్ళు చూపించాను.

ఆయన ఆ వేళ్ళ వంక చూశాడు. "ఇంకా నాలుగు చక్కర్లా?" అన్నాడు. ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. తెల్లారకముందు లేచిన మనిషి, రోజంతా నా వెనక సంచి మోసిన మనిషి. వంగి బెంచీ కింద నుంచి సంచి తీసి భుజానికి వేసుకున్నాడు, నీళ్ళ సీసా తీసుకున్నాడు, చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

"సరే, నడువు. మెల్లగ నడుద్దాం" అన్నాడు.

"గుండెలో" అన్నాను. "నాలుగు గదులు. అన్నీ ఉన్నయ్. మంచిగున్నయ్."

సంచి భుజం మీద నుంచి జారి మోచేతి దగ్గర ఆగింది. ఆయన దాన్ని సర్దుకోలేదు. హాల్లో ఆడవాళ్ళంతా మా వంకే చూస్తున్నారు.

"మళ్ళొకసారి చెప్పు" అన్నాడు.

చెప్పాను.